శానిటరీ ప్యాడ్స్: బిస్కెట్ ప్యాకెట్ మీద ఉండే లిస్ట్.. ప్యాడ్ ప్యాకెట్ మీద ఎందుకు లేదు?

పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ వెనక మైదా నుంచి ఎసెన్స్ దాకా అన్నీ రాసి ఉంటాయి. అదే శానిటరీ ప్యాడ్ ప్యాకెట్ తిప్పి చూస్తే? సైజు, ధర, 'సాఫ్ట్', 'ఫ్రెష్' లాంటి మాటలు. లోపల ఏమేం వాడారన్నది మాత్రం చాలా ప్యాకెట్ల మీద కనిపించదు.

మన దేశంలో ఈ ప్రశ్న గట్టిగా వినిపించింది 2022 నవంబర్‌లో. ఢిల్లీకి చెందిన టాక్సిక్స్ లింక్ సంస్థ మార్కెట్లో దొరికే 10 రకాల ప్యాడ్స్‌ను ల్యాబ్‌లో టెస్ట్ చేయించింది. పదింటిలోనూ థాలేట్స్, వీఓసీలు అనే కెమికల్స్ బయటపడ్డాయి. 'ఆర్గానిక్' అని అమ్ముతున్న వాటిలో కూడా!

థాలేట్స్ అంటే ప్లాస్టిక్ మెత్తగా వంగేలా చేయడానికి కలిపేవి. వీటిలో కొన్ని రకాలు హార్మోన్ల పనితీరును దెబ్బతీస్తాయని పరిశోధనలు చెబుతున్నాయి. వీఓసీలు తేలిగ్గా ఆవిరైపోయే రసాయనాలు. పెయింట్లు, జిగురు, సెంట్లలో ఉంటాయి. మరి ప్యాడ్‌లోకి ఎలా వచ్చాయి? ప్యాడ్ అంటే దూది ఒక్కటే కాదు. కింద లీకేజీ ఆపే ప్లాస్టిక్ షీట్, మధ్యలో తడిని జెల్‌గా మార్చే పొడి, అంటించే గమ్, కొన్నింటిలో సెంటు కూడా ఉంటాయి. పైగా జననాంగాల దగ్గర చర్మం చాలా సున్నితం. మిగతా చోట్ల కంటే తేలిగ్గా పీల్చుకుంటుంది.

అలాగని ప్యాడ్ వాడితే జబ్బు వస్తుందని ఆ రిపోర్ట్ నిరూపించలేదు. కెమికల్ ఉందని తేలడం వేరు, అది ఒంట్లోకి ఎంత వెళ్తోందన్నది వేరు. వాట్సాప్‌లో తిరిగే 'ప్యాడ్‌తో క్యాన్సర్' మెసేజ్‌లలో ఈ తేడానే ఉండదు. ఆ భయంతో సరిగా ఉతకని, ఎండలో ఆరని గుడ్డ వాడితే ఇన్ఫెక్షన్ల ముప్పు ఇంకా ఎక్కువ.

ప్యాడ్స్‌కు బీఐఎస్ ప్రమాణం ఉంది, ఐఎస్ 5405. 2019లో దాన్ని మార్చారు కూడా. తడి పీల్చే శక్తి, పీహెచ్, శుభ్రత లాంటివి అందులో చూస్తారు. థాలేట్స్, వీఓసీలకు మన దగ్గర లిమిట్ పెట్టాలన్నది టాక్సిక్స్ లింక్ డిమాండ్.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం 2019లోనే చట్టం చేసింది. ప్యాడ్, ట్యాంపాన్ ప్యాకెట్ మీద వాడిన పదార్థాలన్నీ రాయాల్సిందే. మరుసటి ఏడాది కాలిఫోర్నియా కూడా అదే దారి పట్టింది. అక్కడ లిస్ట్ రాస్తున్న కంపెనీలకు ఇక్కడ రాయడం పెద్ద పనేం కాదు, అడిగేవాళ్లు లేరంతే! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-24 ఏళ్ల అమ్మాయిల్లో 64 శాతం మంది వాడుతున్నవి శానిటరీ ప్యాడ్సే.

ప్రస్తుతానికి సెంటు లేని ప్యాడ్ ఎంచుకోవడం, 4 నుంచి 6 గంటలకోసారి మార్చుకోవడం మేలు. దురద, దద్దుర్లు వస్తే ఆ బ్రాండ్ ఆపేయండి. తగ్గకపోతే గైనకాలజిస్ట్‌కు చూపించుకోండి, వెళ్లేటప్పుడు ఆ ప్యాకెట్ కూడా తీసుకెళ్లండి.