పదమూడు ముక్కల రమ్మీ

పదమూడు ముక్కల రమ్మీ తెలుగునాట విస్తృతంగా ఆడే పేకాటలలో ఒకటి. ఇద్దరు మొదలు ఆరుగురు వరకు ఆడవచ్చును. పంచిన పదమూడు ముక్కలను వరుసలుగాను, సెట్లుగాను ఎవరు ముందుగా పేర్చుకొని చూపితే వారు గెలిచినట్లు. తుంగతుర్తి, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో పేకాట అనగానే పండుగనాటి కాలక్షేపమూ గుర్తుకు వస్తుంది, ఇల్లు గుల్ల చేసే జూదమూ గుర్తుకు వస్తుంది. రమ్మీ ఈ రెండింటిలో దేనికి చెందినదన్న వివాదం సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసుగా మొదలై సుప్రీంకోర్టు వరకు వెళ్ళినది. 1967లో ఆ న్యాయస్థానం రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని తీర్పు చెప్పినది. ఆ నైపుణ్యం ఎక్కడ ఉన్నదో, ఎంత ఉన్నదో లెక్కవేసి చూడవచ్చును.

పేక, ముక్కల పేర్లు

ఆటకు సాధారణంగా రెండు పేకలు కలుపుతారు. 104 ముక్కలకు రెండు అచ్చు జోకర్లు చేర్చితే 106 అవుతాయి. నాలుగు రంగులను తెలుగువారు ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమను అని పిలుస్తారు. వీటిలో కళావరు, ఆఠీను అన్నవి డచ్చి భాషలోని క్లావర్, హార్టెన్ అను మాటలకు చాలా దగ్గరగా ఉన్నాయి. 17వ శతాబ్దంలో మచిలీపట్నంలో డచ్చివారి వర్తక స్థావరం ఉండేదన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవచ్చును.

నియమాలు

ముక్కలు పంచిన తరువాత ఒక ముక్కను తెరచి పెడతారు. మరొక ముక్కను తీసి జోకరుగా నిర్ణయిస్తారు. ఆ అంకె గల ముక్కలన్నీ, ఏ రంగువైనా, ఆ ఆటకు జోకర్లే. ప్రతి ఆటగాడు తన వంతు వచ్చినపుడు కట్టలోనుండి గాని, ముందు ఆడినవారు వేసిన ముక్కను గాని ఎత్తి, చేతిలోనిది ఒకటి వేయవలెను.

ఒకే రంగులో వరుస అంకెలు మూడు గాని అంతకు మించి గాని ఉంటే అది సీక్వెన్సు. ఒకే అంకె వేర్వేరు రంగులలో మూడు గాని నాలుగు గాని ఉంటే అది సెట్టు. ఆట చూపుటకు కనీసం రెండు సీక్వెన్సులు ఉండవలెను. వాటిలో ఒకటి జోకరు సాయం లేనిదై ఉండవలెను. దీనినే ఆటగాళ్ళు లైఫు అంటారు. ఓడినవారి చేతిలో పొసగని ముక్కలకు లెక్క కడతారు. ఆసు, రాజు, రాణి, జాకీలకు పదేసి, మిగిలినవాటికి అంకెను బట్టి, జోకరుకు సున్న. లైఫు లేనివారికి చేతిలోని ముక్కలన్నీ లెక్కకు వస్తాయి, కాని 80కి మించదు.

చేతిని నిర్మించుకొనుట

పంచిన ముక్కలు అదృష్టం. వాటిలో ఏవి ఉంచుకొనవలెను, ఏవి వదలవలెను అన్నది ఆటగాడి పని. ఇందులో మొదటి పాఠం, రెండు ముక్కల జంటలన్నీ సమానం కావు. చేతిలో ఆఠీను 6, 7 ఉంటే 5 గాని 8 గాని వచ్చినా సీక్వెన్సు పూర్తి అవుతుంది. రెండు పేకలు కనుక పనికివచ్చే ముక్కలు నాలుగు. ఆఠీను 6, 8 ఉంటే 7 ఒక్కటే కావలెను, అవి రెండే. వేర్వేరు రంగుల 7లు రెండుంటే మిగిలిన రెండు రంగులలో రెండేసి చొప్పున నాలుగు. ఆసు, 2 ఉంటే 3 మాత్రమే పనికివస్తుంది కనుక మళ్ళీ రెండే.

మూడు ముక్కలు మెలిక పడితే బలం ఇంకా పెరుగుతుంది. ఆఠీను 8, 9తో పాటు కళావరు 9 కూడా ఉన్నదనుకొనండి. ఆఠీను 7, 10 కలిపి నాలుగు, ఇస్పేటు 9, డైమను 9 కలిపి నాలుగు, మొత్తం ఎనిమిది ముక్కలలో ఏది వచ్చినా ఒక కూర్పు తయారవుతుంది. అనుభవం గలవారు ఈ లెక్కను వేళ్ళ మీద వేయరు, చేతిని చూడగానే వారికి తెలిసిపోతుంది.

ఒక ముక్క ఎన్ని మూడు ముక్కల సీక్వెన్సులలో ఇమడగలదో చూసినా ఇటువంటి తేడాయే కనబడుతుంది. 7 అయితే 5-6-7, 6-7-8, 7-8-9 అని మూడింటిలో ఇముడుతుంది. ఆసు, 2, రాజు మాత్రం రెండేసి వరుసలలోనే ఇముడుతాయి. రాజు, ఆసు, 2 అని చుట్టి తిప్పుటకు నియమం ఒప్పుకొనదు. రాణి మూడింటిలో ఇముడుతుంది గాని పది లెక్క మోయవలసి ఉంటుంది. అందుచేత బొమ్మలను త్వరగా వదిలించుకొమ్మని పెద్దవారు చెప్పే మాట సగం నిజం. ఏ బొమ్మను, ఎప్పుడు అన్నది చేతిని బట్టి, ఎదుటివారిని బట్టి ఉంటుంది.

ఒక ఉదాహరణ

3 జోకరుగా వచ్చిన ఆటలో ఒకరికి ఈ పదమూడు ముక్కలు వచ్చాయనుకొందాము: ఇస్పేటు 5, 6, 7, ఆఠీను 8, 9, కళావరు 9, డైమను రాజు, కళావరు రాజు, కళావరు జాకీ, ఇస్పేటు రాణి, ఆఠీను 2, డైమను 4, ఒక జోకరు.

ఇస్పేటు 5-6-7 లైఫు. ఇది లేకుంటే లెక్క 90 అయి 80 వద్ద ఆగుతుంది. లైఫు ఉన్నది కనుక పరిస్థితి వేరు. కొత్తవారు జోకరును వెంటనే ఆఠీను 8, 9 పక్కన పెట్టి రెండవ సీక్వెన్సు పూర్తి అయినదని సంతోషిస్తారు. అప్పుడు మిగిలిన ముక్కల లెక్క 55. అదే జోకరును కళావరు జాకీ, రాజుల మధ్య రాణి స్థానంలో పెడితే లెక్క 52. మూడు లెక్కల తేడా కంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఆఠీను 8, 9లు కళావరు 9తో కలిసి ఎనిమిది ముక్కల కోసం ఎదురుచూస్తున్నాయి, అవి తమంతట తాము పూర్తి కాగలవు. కళావరు జాకీ, రాజుల మధ్య ఖాళీకి రెండే ముక్కలు ఉన్నాయి. జోకరు బలహీనమైన చోటికే పోవలెను. అయితే ఆట చూపే వరకు జోకరు ఎక్కడిదో నిర్ణయించనవసరం లేదు. అది చేతిలో తిరుగుతూ ఉండుటయే దాని విలువ.

ఇక ఏ ముక్క వేయవలెను? ఇస్పేటు రాణి దేనితోను పొసగదు, పది లెక్క. మొదట పోవలసినది అదే. తరువాతి నిర్ణయం కష్టమైనది. ఆఠీను 2, డైమను 4 పనికిరానివే గాని లెక్క తక్కువ. పైగా 3 జోకరు అయినందువలన ఎవరూ 3ను మామూలు ముక్కగా వాడుకొనరు, 2-3-4 వంటి వరుసలు అరుదుగానే కడతారు. కనుక 2ను, 4ను వేస్తే తరువాతివారు ఎత్తుకొనే అవకాశం తక్కువ. ప్రమాదం లేని ముక్కలు కనుక వాటిని అవసరమైన సమయానికి దాచుకొనువారు ఉన్నారు. ఆట త్వరగా ముగిసేటట్లు కనబడితే రాజులను ముందుగా వదిలి చిన్న ముక్కలను ఉంచుకొనువారూ ఉన్నారు. రెండూ తప్పు కావు.

ఎదుటివారిని చదువుట

వేసిన ముక్క తరువాత ఆడేవారికి మాత్రమే అందుతుంది. కనుక నలుగురైదుగురు కూర్చున్న ఆటలో అందరి మీద ఒకే విధంగా దృష్టి పెట్టనవసరం లేదు. తనకు ముక్కలు ఇచ్చేవారు ఒకరు, తన ముక్కలు పోయేది ఒకరికి.

తరువాతివారు ఆఠీను 9 ఎత్తుకొన్నారంటే వారి చేతిలో దాని చుట్టూ ఏదో ఉన్నదని అర్థం. ఆఠీను 7, 8, 10, జాకీ, మిగిలిన మూడు రంగుల 9లు, ఈ ఏడు రకాల ముక్కలు ఇక వేయరాదు. వారే ఆఠీను 9 వేస్తే దీనికి విలోమం: ఆఠీను 8, 10 కొంతవరకు నిర్భయంగా వేయవచ్చును. ఈ తర్కం తెలిసిన ఆటగాడు దానినే ఎరగా వాడుకొంటాడు. ఆఠీను రాజు కావలసినవాడు ముందుగా ఆఠీను రాణిని వేస్తాడు. ఇతనికి ఆఠీనులో పెద్ద ముక్కలు అక్కరలేదని నమ్మి ఎదుటివాడు రాజును వదలుతాడు. అందరితోను ఈ ఎత్తు పారదు. పడిన ముక్కలను పట్టించుకొననివాడికి ఎర కనబడనే కనబడదు, అటువంటివాడితో సూటిగా ఆడుటయే మేలు.

పడిన ముక్కలను గుర్తు పెట్టుకొనుట వీటన్నిటికి ఆధారం. ప్రతి ముక్క రెండేసి ఉంటుంది. రెండు ఆఠీను 7లు పడిపోయిన తరువాత కూడా 6, 8 పట్టుకొని కూర్చొన్నవాడు చచ్చిన ముక్క కోసం కాచుకొని ఉన్నట్లు.

ఎందరు ఆడుతున్నారు

ఇద్దరే ఆడితే 26 ముక్కలు పంచి, తెరచిన ముక్కను, జోకరు ముక్కను తీసివేయగా కట్టలో 78 మిగులుతాయి. ఆటగాడికి కనబడని ముక్కలు 91. వాటిలో 13 మాత్రమే ఎదుటివాడి చేతిలో ఉంటాయి. ఆరుగురు ఆడితే 78 ముక్కలు పంచుటకే పోతాయి, కట్టలో 26 మాత్రం ఉంటాయి. కనబడని 91లో 65 ఇతరుల చేతులలోనే ఉంటాయి. అనగా తనకు కావలసిన నాలుగు ముక్కలలో సుమారుగా మూడు ఎవరి దగ్గరో చిక్కుకొని ఉంటాయి. ఇద్దరి ఆటలో ఓపికపట్టి ఉంచుకొన్న జంట ఆరుగురి ఆటలో బరువు అవుతుంది.

దీనివలననే ఆట వదులుట కూడా నైపుణ్యంలో భాగమైనది. వాడుకలో ఉన్న 101 ఆటలో ముక్క ఎత్తకముందే డ్రాపు చెప్తే 20, మధ్యలో చెప్తే 40. నాలుగు చెడ్డ చేతులను మొదటనే వదిలితే పడే లెక్కా 80, ఒక చెడ్డ చేతిని మొండిగా ఆడి ఓడితే పడగల లెక్కా 80. ఓడేవారిలో చాలామంది ఆట రాక ఓడరు, డ్రాపు చెప్పుటకు మనసు ఒప్పక ఓడతారు.

సొంత పేకతో ఆడే ఆటలు

చేతిని కాక పేకనే ముందుగా నిర్మించుకొనే ఆటలు వేరే ఉన్నాయి. అమెరికాలో రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించగా 1993లో వెలువడిన మ్యాజిక్: ద గ్యాదరింగ్ వీటికి ఆద్యం. అందులో ఎవరి పేక వారిది. సాధారణ పోటీలలో కనీసం 60 ముక్కలు ఉండవలెను, మూల భూముల ముక్కలు తప్ప ఏ ముక్కా నాలుగు ప్రతులకు మించరాదు. నాలుగు ప్రతులు పెట్టిన ముక్క మొదటి ఏడింటిలో కనీసం ఒకటైనా వచ్చే అవకాశం నూటికి 40 వంతులు. పేకలో ముక్కలు పెరిగితే ఈ అవకాశం తగ్గుతుంది కనుక పోటీ ఆటగాళ్ళు 60 దాటనివ్వరు. రమ్మీలో పేక అందరికీ ఉమ్మడి, మంచి ముక్కలను ముందే కొనుక్కొని రాలేరు. ఈ విషయంలో రమ్మీయే న్యాయమైన ఆట అనవచ్చును.

1967 నాటి తీర్పు

1963లో సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై పోలీసులు దాడి చేసి, డబ్బు పందెంతో రమ్మీ ఆడుతున్నారని కేసు పెట్టారు. కేసు నిజాం కాలపు హైదరాబాదు జూద చట్టం, 1305 ఫసలీ కింద నడిచినది. తుంగతుర్తి, సూర్యాపేట ప్రాంతాలు కూడా పూర్వపు హైదరాబాదు సంస్థానంలోనివే కనుక అప్పట్లో ఇక్కడా అదే చట్టం. మేజిస్ట్రేటు శిక్ష విధించగా హైకోర్టు దానిని కొట్టివేసినది. ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళినది.

1967 నవంబరు 22న న్యాయమూర్తులు హిదయతుల్లా, వైద్యలింగం ప్రభుత్వ అప్పీలును తోసిపుచ్చారు. మూడు ముక్కలాట కేవలం అదృష్టం మీద నడిచేది, రమ్మీ అటువంటిది కాదు అన్నారు. పడిన ముక్కలను జ్ఞాపకం ఉంచుకొనవలెను, ఏది ఉంచవలెనో ఏది వేయవలెనో తెలియవలెను, ముక్కలు పంచుటలోని అదృష్టం బ్రిడ్జి ఆటలో ఉన్నటువంటిదే అన్నది వారి తర్కం. పైన లెక్కలు వేసి చూపినది ఈ విషయమే.

ఈ తీర్పును ఆన్‌లైన్ రమ్మీ సంస్థలు తరువాత తమకు రక్షణగా చెప్పుకొన్నాయి. కాని దానిలో మరొక భాగం ఉన్నది. పందెంతో ఆడే ఆట నుండి క్లబ్బు గాని, స్థలం యజమాని గాని లాభం తీసుకొంటున్నట్లు రుజువైతే నేరం కావచ్చునని అదే తీర్పు చెప్పినది. ఆ క్లబ్బు వసూలు చేసిన ముక్కల రుసుము వంటివి అటువంటి లాభం కావని మాత్రమే న్యాయస్థానం భావించినది. తీర్పును ఉదహరించేవారు ఈ భాగాన్ని తరచుగా వదిలివేస్తారు.

తరువాతి చట్టాలు

1974లో ఆంధ్ర ప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చినది. నైపుణ్యపు ఆటలకు అందులో మినహాయింపు ఉండేది. చరవాణులలో రమ్మీ ప్రబలిన తరువాత 2017లో తెలంగాణ ఆ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించినది. ఆంధ్ర ప్రదేశ్ 2020 సెప్టెంబరులో అదే పని చేసినది. మధ్య మూడేళ్ళు ఒక విచిత్ర పరిస్థితి ఉండేది. కోదాడలో చట్టవిరుద్ధమైన ఆట, అదే రహదారిలో సరిహద్దు దాటి జగ్గయ్యపేట చేరితే నేరం కాదు.

నిషేధాలకు కారణం ఆట నియమాలలో లేదు. రచ్చబండ దగ్గర కూర్చుంటే రాత్రికి పది పదిహేను ఆటలు పడతాయి, జేబులోని డబ్బు అయిపోతే లేచిపోతారు. చరవాణిలో ఆటకు ఆటకు మధ్య విరామం లేదు, ముక్కలు కలిపే సమయం కూడా లేదు, అప్పు ఇచ్చే యాప్ పక్కనే ఉంటుంది. ఎదుట కూర్చొన్నది ఎవరో తెలియదు కనుక ముఖం చూసి చదివే విద్య అక్కడ పనిచేయదు. నైపుణ్యం అనేక ఆటల మీద మాత్రమే ఫలిస్తుంది. ఓడుతున్నవాడికి అన్ని ఆటలు ఆడుటకు డబ్బు మిగలదు.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల ప్రోత్సాహ, నియంత్రణ చట్టాన్ని ఆమోదించినది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదముద్ర పడినది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ, నైపుణ్యమా అదృష్టమా అన్న భేదం లేకుండా, ఈ చట్టం నిషేధిస్తుంది. పందెం లేని ఆన్‌లైన్ ఆటలు ఈ నిషేధం కిందకు రావు. ప్రధాన సంస్థలు చట్టం వచ్చిన కొద్ది రోజులలోనే డబ్బు ఆటలను నిలిపివేశాయి.