రాజ్య పురస్కార్‌కు తయారు కావడం ఎట్లా?



మన గైడ్స్‌లో ఈసారి కొందరం రాజ్య పురస్కార్ పరీక్ష శిబిరానికి పోవాలని తయారవుతున్నాము. "ఏందక్కా అది, పోతే ఏమొస్తుంది?" అని ఆరో తరగతి పిల్లలు రోజూ అడుగుతా ఉండారు. ఒక్కొక్కరికి చెప్పేకంటే గోడ మీద రాస్తే అందరూ చదువుకుంటారని రాస్తున్నాను.

గైడ్స్ ఎట్లా పుట్టింది?

1907లో ఇంగ్లండులో బేడెన్ పవెల్ అనే ఆయన బ్రౌన్‌సీ అనే దీవిలో మగపిల్లలతో శిబిరం పెట్టినాడు. స్కౌటింగ్‌కు అదే మొదలు. 1909లో లండన్‌లో స్కౌట్ల పెద్ద సభ జరిగితే, ఎవరూ పిలవకుండానే కొందరు ఆడపిల్లలు వచ్చి "మేమూ స్కౌట్లమే" అని నిలబడినారు. 1910లో ఆడపిల్లల కోసం గైడ్స్ ఏర్పడింది. వాళ్ళు ఆ రోజు సిగ్గుపడి ఇంట్లో కూర్చొని ఉంటే ఏమయ్యేదో!

మన దేశంలోకి స్కౌటింగ్ 1909లో వచ్చింది. కానీ మొదట్లో తెల్లవాళ్ళ పిల్లలనే చేర్చుకొనేవాళ్ళు. అప్పుడు అనీబిసెంట్ అమ్మ 1916లో మద్రాసులో భారతీయ పిల్లల కోసం వేరే స్కౌట్ సంఘం పెట్టింది. మదనపల్లెలో 1915లో కాలేజీ పెట్టింది కూడా ఆమే. స్వాతంత్ర్యం వచ్చినాక దేశంలోని స్కౌట్ సంఘాలు కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది. 1951లో గైడ్ల సంఘం కూడా దానిలో కలిసింది.

మెట్లు ఎన్ని?

సోపానం అంటే మెట్టు. ముందు ప్రవేశ్. తర్వాత ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్. ఆ తర్వాత రాజ్య పురస్కార్, అది గవర్నర్ గారి పేరు మీద ఇస్తారు. అన్నిటికంటే పైన రాష్ట్రపతి అవార్డు. ఒక మెట్టు వదిలి ఇంకో మెట్టు ఎక్కేదానికి లేదు. ఈరోజు చేరి రేపు పతకం అంటే కుదరదు, సంవత్సరాలు పడుతుంది. అందుకే ఆరో తరగతిలోనే చేరండి.

ముళ్ళు

ముళ్ళు అంటే చాలామందికి భయం. ఇంగ్లీషు పేర్లు చూసి నేనూ భయపడినాను. దసరా సెలవుల్లో ఇంటికి పోయి మంచం కోడుకు తాడు కట్టి సాధన చేస్తా ఉంటే మా నాయన చూసి నవ్వినాడు. "ఈత బరికెల మోపు సైకిల్‌కు కట్టేది ఇట్లే కదమ్మా" అని ఒక్క చేత్తో వేసి చూపించినాడు. చూస్తే అది క్లోవ్ హిచ్! మా నాయన బడికి పోలేదు. మేము ఎరుకల వాళ్ళము. తట్టలు, బుట్టలు అల్లుతాము. తాడు పని మాకు పుట్టుకతో వస్తుంది.

రీఫ్ నాట్: ఎడమ కొస కుడి మీద, తర్వాత కుడి కొస ఎడమ మీద. కట్టు కట్టేటప్పుడు ఇది బల్లపరుపుగా ఉంటుంది, ఒత్తుకోదు. రెండుసార్లూ ఒకే పక్క వేస్తే ముడి జారిపోతుంది.
షీట్ బెండ్: లావు తాడును సన్న తాడుతో కలిపేదానికి.
బోలైన్: ఉచ్చు మాదిరి ఉంటుంది కానీ బిగుసుకోదు. బావిలో పడినవాళ్ళ నడుముకు వేసి పైకి లాగవచ్చు.
షీప్ షాంక్: పొడుగు తాడును కోయకుండా పొట్టి చేసేదానికి.

మీ ఇండ్లలో కూడా అడగండి. తండాలో ఎద్దును కట్టే తాత, చెరువులో వల వేసే మామ, అందరికీ ఏదో ఒక ముడి తెలిసే ఉంటుంది.

ప్రథమ చికిత్స

కాలితే 20 నిమిషాలు కొళాయి నీళ్ళు పారించాలి. ఇంకు, పేస్టు, ఐసు పెట్టకూడదు. ముక్కులో రక్తం వస్తే తల వెనక్కి వంచకూడదు, ముందుకు వంచి ముక్కు మెత్తని చోట 10 నిమిషాలు పట్టుకోవాలి.

పాము కరిస్తే కదలనియ్యకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. కోయకూడదు, నోటితో పీల్చకూడదు. గట్టిగా తాడు కట్టకూడదు. కట్టితే రక్తం ఆడక కాలే పోవచ్చు. ఇన్ని ముళ్ళు నేర్చుకున్నా ఆ ఒక్కచోట ముడి వేయకూడదని గుర్తు పెట్టుకోండి. ఇది మా అవ్వకు చెప్తే మొదట ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆమే వీధిలో అందరికీ చెప్తా ఉంది.

దిక్కులు

దిక్సూచి లేకపోయినా పూతలపట్టులో నిలబడి నేర్చుకోవచ్చు. చిత్తూరు దక్షిణం. తిరుపతి ఈశాన్యం. పీలేరు వాయవ్యం. పొద్దున సూర్యుడికి ఎదురుగా నిలబడితే ఎడమ చెయ్యి ఉత్తరం. ఈ ఎనిమిది వస్తే మధ్యలో ఇంకో ఎనిమిది కలిపి 16 దిక్కులు సులభం.

అన్నిటికంటే కష్టమైనది

లాగ్‌బుక్కు, బ్యాడ్జీలు, గుడారం, వంట ఇవన్నీ కష్టపడితే వస్తాయి. నాకు కష్టమైనది ప్రతిజ్ఞ. అది నా గౌరవం మీద అని మొదలవుతుంది. గైడ్ నియమాల్లో మొదటిది, గైడ్ నమ్మదగినది అని.

ఎందుకు కష్టమో చెప్తాను. నేను ఐదో తరగతిలో వేరే బడిలో ఉండగా ఒక పిల్ల పెన్ను కనిపించలేదు. ఎవరూ ఏమీ అనలేదు, కానీ అందరూ నా పక్కే చూసినారు. పెన్ను ఆమె పుస్తకంలోనే దొరికింది. ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి నేనూ ఏమీ అనలేకపోయినాను.

ఇంగ్లీషు వాళ్ళు 1871లో నేరస్థ తెగల చట్టం అని ఒకటి చేసినారు. తర్వాత మద్రాసు రాష్ట్రంలో మా ఎరుకల వాళ్ళను కూడా దాంట్లోకి తెచ్చినారు. ఏ తప్పూ చేయకపోయినా పుట్టుకతోనే దొంగ అని రాసుకున్నారు. మా తాత వాళ్ళ నాయన రాత్రిపూట ఇంట్లోనే ఉన్నానని హాజరు చెప్పాల్సి వచ్చేదంట. స్వాతంత్ర్యం వచ్చినాక ఆ చట్టం పోయింది, దేశమంతటా 1952లో రద్దయింది. చట్టం పోయింది కానీ ఆ చూపు పూర్తిగా పోలేదు.

అందుకే మూడు వేళ్ళు ఎత్తి నా గౌరవం మీద అన్నప్పుడు నా గొంతు వణికింది. ఆ మూడు వేళ్ళు ప్రతిజ్ఞలో మూడు మాటలు: దేవుడికి, దేశానికి నా కర్తవ్యం, ఇతరులకు సాయం, గైడ్ నియమాన్ని పాటించడం. బొటనవేలు చిటికెన వేలిని పట్టుకొని ఉంటుంది. బలమైనవాళ్ళు బలహీనులను కాపాడాలని దాని అర్థం.

గైడ్స్‌లో ముందు నిన్ను నమ్ముతారు, తర్వాత పరీక్ష పెడతారు. నా మీద నమ్మకంతో మా పెట్రోల్ డబ్బుల డబ్బా నా చేతికే ఇచ్చినారు. ప్రతి శనివారం అందరి ముందర లెక్క చెప్తాను. పతకం వచ్చినా రాకపోయినా ఆ లెక్క నాకు చాలు.

కాబట్టి చెల్లెళ్ళారా, రోజుకు ఒక మంచి పని చేయండి, దాన్ని నోటుబుక్కులో రాసుకోండి. ఒక ముడి నేర్చుకోండి. ఒకరి వస్తువు పోతే ఎవరి పక్కా చూడకుండా అందరూ కలిసి వెతకండి. మన గైడ్స్ నినాదం "తయార్". మేము శిబిరానికి తయార్. మీరు?

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని,
మల్లె పెట్రోల్