బెండకాయ జిగురు బలమెంత?

కొలెస్ట్రాల్ ఎక్కువుందని తేలగానే ‘మందులొద్దు, తిండితోనే తగ్గించుకుంటా’ అనేవాళ్లు ఎక్కువ. ఆ నమ్మకం ఉత్తదేం కాదు. కాకపోతే దానికీ ఓ కొలత ఉంది.

బెండకాయ వేపుడు చేయాలంటే మన ఇళ్లలో దిగులంతా జిగురు గురించే. ముందే కడిగి ఆరబెడతారు. తడి లేకుండా తుడిచి కోస్తారు. మూత పెట్టకుండా వేయిస్తారు. ఇంత తిప్పలుపడి వదిలించుకునే ఆ జిగురుకి కొలెస్ట్రాల్ పరిశోధనలో మాత్రం మంచి పేరుంది.

కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెన్‌కిన్స్ బృందం 46 మందిని మూడు జట్లు చేసి, నెలరోజులపాటు పరీక్షించి, 2003లో ఫలితాలు ప్రకటించింది. మొదటి జట్టుకి కొవ్వు తక్కువగా ఉండే తిండి పెట్టారు. రెండో జట్టుకి అదే తిండితోపాటు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటైన లోవాస్టాటిన్ మాత్ర ఇచ్చారు. మూడో జట్టుకి మాత్ర లేదు. ఓట్స్, బార్లీ, ఇసబ్‌గోల్, సోయా, బాదం, మొక్కల స్టెరాల్స్ కలిపిన మార్జరిన్, వాటితోపాటు మన బెండకాయ, వంకాయ! చెడు కొలెస్ట్రాల్‌గా పిలిచే ఎల్‌డీఎల్ మొదటి జట్టులో 8 శాతం తగ్గింది. మాత్ర వేసుకున్నవాళ్లలో 31 శాతం, మూడో జట్టులో దాదాపు 29 శాతం తగ్గింది.

మరి మాత్రెందుకు అంటారా? అక్కడ ప్రతి ముద్దా తూచి పెట్టారు. అదే బృందం తర్వాత 350 మందికి పైగా జనానికి ఏం తినాలో చెప్పి, ఇళ్లలో వాళ్లనే వండుకోమంది. 2011లో వచ్చిన ఆ ఫలితాల్లో తగ్గుదల 13 శాతం దగ్గర ఆగింది. పెళ్లిళ్లు, పండగలు, బద్ధకం.. ఇల్లన్నాక అన్నీ ఉంటాయి కదా!

పేగుల్లో ఏం జరుగుతుంది?

గ్లాసు నీళ్లలో రెండు చెంచాల ఇసబ్‌గోల్ కలిపి కాసేపు పక్కన పెట్టండి. నీళ్లు కాస్తా చిక్కటి జావలా మారతాయి. కడుపులోనూ అంతే. కాలేయం కొలెస్ట్రాల్‌తోనే పైత్యరసం తయారుచేస్తుంది. ఆ రసంలోని ఆమ్లాలు పని ముగిశాక చాలావరకూ పేగుల్లోంచి మళ్లీ కాలేయానికి చేరతాయి. బెండకాయదైనా, ఇసబ్‌గోల్‌దైనా ఈ జిగురు వాటిలో కొన్నింటిని పట్టుకుని బయటికి పంపేస్తుంది. దాంతో కాలేయం ఆ ఆమ్లాలను కొత్తగా తయారుచేసుకోవడానికి రక్తంలోని ఎల్‌డీఎల్‌ని లాక్కుంటుంది. రోజుకి 7 నుంచి 10 గ్రాముల ఇసబ్‌గోల్‌తో ఎల్‌డీఎల్ 5 నుంచి 10 శాతం తగ్గుతుంది. దీన్ని నీళ్లు బాగా పోసుకునే తాగాలి. వేరే మాత్రలు వేసుకునేవాళ్లు గంటో రెండు గంటలో ఎడం పాటించాలి.

నూనె ప్యాకెట్‌ మీద మాట

‘కొలెస్ట్రాల్ లేదు’ అని నూనె ప్యాకెట్ మీద కనిపిస్తే మురిసిపోకండి. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. చూడాల్సింది సంతృప్త కొవ్వుని. పామాయిల్‌లో అది దాదాపు సగం, కొబ్బరినూనెలో 80 శాతానికి పైనే. వేరుశనగ, నువ్వులు, తవుడు నూనెల్లో నాలుగో వంతుకు మించదు. పామాయిల్, నెయ్యి, డాల్డా తగ్గించి వీటిని మితంగా వాడితే ఎల్‌డీఎల్ దిగుతుంది. రక్తంలోని మరోరకం కొవ్వు ట్రైగ్లిజరైడ్ల కథ వేరు. కంచం నిండా తెల్లన్నం, తీపి, మద్యం వాటిని పెంచుతాయి. రోజూ నడక తగ్గిస్తుంది.

‘సహజం’ డబ్బాల్లో ఏముంది?

అమెరికాలో 2022లో వెలువడిన ఓ అధ్యయనంలో దాదాపు 200 మందికి 28 రోజులపాటు తలా ఒకటి ఇచ్చారు. కొందరికి 5 మిల్లీగ్రాముల రోసువాస్టాటిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర, మిగతావాళ్లకి వెల్లుల్లి, పసుపు, దాల్చినచెక్క, చేపనూనె, మొక్కల స్టెరాల్స్, రెడ్ ఈస్ట్ రైస్ సప్లిమెంట్లలో ఏదో ఒకటి. స్టాటిన్‌తో ఎల్‌డీఎల్ 38 శాతం తగ్గింది. ఆ ఆరు సప్లిమెంట్లలో ఒక్కటీ ఉత్తుత్తి మాత్రని మించలేదు. చారులో వెల్లుల్లి రుచికి వేసుకోండి, మందనుకుని కాదు.

ఆయుర్వేదంలోని గుగ్గులుదీ ఆసక్తికరమైన కథే. సుశ్రుత సంహితలోని వర్ణన ఆధారంగా 1960ల్లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి.సత్యవతి దానిపై పరిశోధన చేశారు. మనదేశంలో అది కొలెస్ట్రాల్ మందుగానూ వచ్చింది. కానీ 2003లో అమెరికాలో జరిపిన పరీక్షలో గుగ్గులు వాడినవాళ్ల ఎల్‌డీఎల్ కాస్త పెరిగింది, కొందరికి ఒంటిమీద దద్దుర్లు వచ్చాయి.

రెడ్ ఈస్ట్ రైస్ మన దంపుడు ఎర్రబియ్యం కాదు. ఒకరకం బూజుతో పులియబెట్టిన బియ్యమది. అందులోని మొనకొలిన్-కె అచ్చంగా లోవాస్టాటినే! అంటే ‘సహజం’ పేరుతో మింగేది కూడా మందే, ఏ డబ్బాలో ఎంతుందో తెలియని మందు. అందుకే ఐరోపా సమాఖ్య 2022లో రోజుకి 3 మిల్లీగ్రాములలోపే ఉండాలని కట్టడి చేసింది. 2024లో జపాన్‌లో ఇలాంటి సప్లిమెంట్లు వాడినవారి కిడ్నీలు దెబ్బతినడంతో వాటిని వెనక్కి తెప్పించారు.

అసలు స్టాటిన్ల పుట్టుకే బూజులో ఉంది. జపాన్ రైతుబిడ్డ అకిరా ఎండో వేల రకాల శిలీంధ్రాలను జల్లెడపట్టి 1973లో మొదటి స్టాటిన్‌ని కనిపెట్టాడు. దాన్నిచ్చింది బియ్యం మీద పెరిగిన నీలిపచ్చ బూజు.

ఎవరికి ఏది?

ఎల్‌డీఎల్ 160 ఉందనుకుందాం. తిండితో 13 శాతం తగ్గితే 139కి వస్తుంది. పైన చెప్పిన స్టాటిన్‌లా 38 శాతం తగ్గితే 99. మామూలు ఆరోగ్యవంతులకే 100లోపు ఉండాలనీ, గుండెజబ్బు ముప్పు ఎక్కువున్నవాళ్లకి 70లోపు, మరీ ఎక్కువుంటే 55లోపు ఉండాలనీ కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది. కాబట్టి గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంట్ వేయించుకున్నవాళ్లు, ఎల్‌డీఎల్ 190 దాటినవాళ్లు తిండి మీదే భారం వేయకూడదు. మధుమేహులు డాక్టరు మాట ప్రకారమే నడవాలి. దాదాపు 300 మందిలో ఒకరికి అధిక ఎల్‌డీఎల్ సమస్య పుట్టుకతోనే వస్తుంది. వాళ్లు ఎంత పథ్యం చేసినా మాత్ర తప్పదు.

ఆ ముప్పులేవీ లేకుండా ఎల్‌డీఎల్ కాస్త ఎక్కువున్నవాళ్లు డాక్టరుతో మాట్లాడి మూడు నెలల గడువు తీసుకోవచ్చు. ఆ తర్వాత పరీక్ష చేయించి, కొత్త రిపోర్టుని పాతదాని పక్కన పెట్టి చూసుకోండి. మీ వంటగది బలమెంతో ఆ అంకె చెబుతుంది. ఇప్పటికే మాత్ర వేసుకుంటున్నవాళ్లు మాత్రం బెండకాయ పులుసు తింటూనే దాన్ని కొనసాగించండి. కండరాల నొప్పుల్లాంటి ఇబ్బందేదైనా ఉంటే డాక్టరుకి చెప్పండి. అంతేకానీ ఎవరో చెప్పారని మీ అంతట మీరు మానేయొద్దు.