అరచేతిలో అడవి సంత

సంతకు పోయిన మనిషి సరుకు కంటె ముందు అమ్మేవారి మొహం చూస్తాడు. తర్వాత చింతపండు బుట్టలో చెయ్యి పెట్టి చూస్తాడు. తేనె చుక్క వేలిమీద వేయించుకుని నాకి చూస్తాడు. తక్కెడ ముల్లు నిలిచేదాకా అక్కడినించి కాలు కదపడు. మరి, యింట్లో కూర్చుని, సెల్‌ఫోను మీద వేలు కదిపి, యెక్కడో అడవి అంచున వున్న సరుకు కొనుక్కునే గృహిణి యేం చూడాలి? ఆమెకు వాసన రాదు, రుచి తెలియదు, తక్కెడ కనబడదు. కనబడేవి రెండే: ఒక బొమ్మ, నాలుగు మాటలు. ఆ బొమ్మనూ మాటలనే నేడు ‘కంటెంటు’ అంటున్నారు. వాటితో కొనేవారిని పలకరించి దగ్గర చేసుకునే విద్యను ‘డిజిటల్ మార్కెటింగు’ అంటున్నారు. పేర్లు కొత్తవేగాని విద్య పాతదే.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ బేరసారాలతో పనేమిటని మీరడగవచ్చు. ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, పొలాలు తగ్గి అడవి మొదలయ్యే చోట నా వుద్యోగం. నా దగ్గర చదువుకున్న ఒక కోయ అమ్మాయి డిగ్రీ పూర్తిచేసి, తమ వూరి మహిళా సంఘంలో చేరింది. వాళ్ళు ఇప్పపూల లడ్లు కడతారు, తేనె వడపోసి సీసాలకు పోస్తారు, కుంకుడుకాయలు పొడి కొడతారు. “చేయడం మాకొచ్చు సారూ, చెప్పడమే రావడం లేదు. ఫోనులో యేం రాయాలె?” అని ఆ అమ్మాయి అడిగింది. అప్పటినుంచీ రెండేళ్ళుగా సెలవు దినాల్లో ఈ విద్య వాళ్ళతో కలిసి నేనూ నేర్చుకుంటున్నాను. చిన్న వ్యాపారం పెట్టదలచిన గృహిణులకూ, ఫోనులో కొనుక్కునేవారికీ పనికివస్తుందని ఆ నేర్చినది యిక్కడ చెబుతున్నాను.

తక్కెడ నుంచి తెర దాకా

ఈ అడవిలో సరుకుకు యెన్నడూ కొదవలేదు. చింతపండు, ఎండలు ముదిరేవేళకు ఇప్పపూవు, వేసవిలో తునికాకు, ఆపైన తేనె, కుంకుళ్ళు, కరక్కాయలు, చిల్లగింజలు, తపసి జిగురు, విస్తళ్ళకు అడ్డాకులు—ఋతువుకొక పంట. లోటల్లా తక్కెడ దగ్గరే వచ్చేది. తప్పుడు తూకాలతో, వుప్పుకూ కిరసనాయిలుకూ మారకంగా అడవి సరుకు పట్టుకుపోయే దళారుల బెడద తప్పించడానికే 1956లో గిరిజన సహకార సంస్థ యేర్పడింది. పచ్చి సరుకు అమ్మడంతో సరిపెట్టక, దాన్ని శుభ్రంచేసి, వండి, పొట్లం కట్టి అమ్ముకుంటే నాలుగు డబ్బులు ఎక్కువ మిగులుతాయన్న ఆలోచనతో, ఈ అడవికి అవతలి అంచున వున్న ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూరులో 2018 ఏప్రిల్ 14న వన్‌ధన్ పథకం ఆరంభమయింది.

పొట్లం కట్టడం అయింది. కాని కొనేవారు వుండేది హైదరాబాదులో, బెంగుళూరులో. వారికీ వీరికీ మధ్య వున్న వంతెన సెల్‌ఫోను. 2016 నుంచి యూపీఐ రావడంతో డబ్బు పంపడమూ సులువయింది. ఇక మిగిలింది మాట.

ఆ మాట బలం భద్రాచలంలోనే రెండుసార్లు చూశాము. శ్రీరామనవమి కల్యాణ తలంబ్రాలు కావాలని కోరుకోని తెలుగిల్లు వుంటుందా? అందరూ రాలేరు. 2022లో తెలంగాణ ఆర్టీసీ తన కార్గో విభాగం ద్వారా ఆ తలంబ్రాలను యింటికే చేర్చే యేర్పాటు చేసింది. పేరు రాయించుకోవడం బస్సు స్టేషనులో సరే, వెబ్‌సైటులో కూడా. 2025లో పొట్లం వెల 151 రూపాయలు. ఆ ప్రకటనలో కవిత్వమేమీ లేదు. ఏ వస్తువు, ఎంత వెల, ఎక్కడ రాయించుకోవాలి, ఎప్పుడు చేరుతుంది—అంతే. కొనేవారి మనసులో వున్న ప్రశ్నలన్నిటికీ జవాబు అందులో వున్నది. మంచి ప్రకటనకు అంతకంటె లక్షణం లేదు.

రెండవది, భద్రాచలం గిరిజనాభివృద్ధి సంస్థ వద్ద శిక్షణ పొందిన మహిళలు చేసే ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ చిరుధాన్యాల బిస్కట్లు. 2025 జూన్ 29న ప్రధానమంత్రి తమ ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో వాటిని పేర్కొన్నారు. ఒకప్పుడు పొలాల్లో కూలికి వెళ్ళిన ఆడవాళ్ళ బిస్కట్లు హైదరాబాదు నుంచి లండను దాకా పోతున్నాయన్నారు. అటువంటి అదృష్టం అందరికీ పట్టదు. పట్టిననాడు మాత్రం పదిమంది ఆ పేరును ఫోనులో వెదుకుతారు. వెదికినప్పుడు అక్కడ చిరునామా, వెల, పలికే మనిషి వుండాలి. లేకపోతే పెళ్ళికి పిలిచి తలుపు గడియ వేసుకున్నట్టే.

కొనేవారి నోటి మాట

మొదటి సంగతి, వస్తువుకు మనం పెట్టుకున్న పేరు కంటె కొనేవారి నోట్లో వున్న పేరు ముఖ్యం. మనం ‘ఇప్పపూవు’ అంటాం. గోదావరి దిగువన ‘విప్పపూవు’ అంటారు. హిందీవారికి అది ‘మహువా’. హైదరాబాదులో కూర్చున్నావిడ గూగుల్‌లో ఏ మాటతో వెదుకుతుందో యెవరు చెప్పగలరు? అందుకని మూడు పేర్లూ రాయిస్తున్నాను. తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవారు చాలామంది కనుక, అలా కూడా ఒకసారి రాయడం మంచిది. భద్రాచలం వచ్చిన యాత్రికులు ‘దగ్గరలో తేనె ఎక్కడ దొరుకుతుంది’ అని ఫోనునే అడుగుతారు. దుకాణం పేరు, వేళలు, ఫోను నంబరు గూగుల్ పటంలో నమోదు చేసుకోవడానికి కానీ ఖర్చు లేదు.

రెండవది, బొమ్మ. ఇంటర్నెట్టులో దొరికిన అందమైన బొమ్మ వద్దు. పగటి వెలుతురులో, అరచేతిలో లడ్డు పెట్టి తీసిన ఫోటో చాలు. చెయ్యి వుంటే లడ్డు ఎంతుందో తెలుస్తుంది. పక్కనే బరువు, వెల, పార్సెలు ఖర్చు. ‘ధర కోసం విడిగా మెసేజి చేయండి’ అనే పద్ధతి నాకు నచ్చదు. సంతలో వెల అడిగితే చెవిలో చెబుతానన్నవాడి దగ్గర మీరు కొంటారా?

మూడవది, జనం అడిగే ప్రశ్నలకొక నోటుపుస్తకం పెట్టడం. మా సంఘంలో ఈ పుస్తకమే అసలు పెట్టుబడి. హైదరాబాదు నుంచి ఒక కొత్తకోడలు, “కుంకుడుకాయలు నానబెట్టాలా, మరగబెట్టాలా? గింజ తీయాలా?” అని అడిగింది. మనకు నవ్వు వస్తుంది. కాని అడగక వూరుకున్నవారు యెందరో! మరునాడే సంఘంలోని పెద్దావిడ కాయలు చితక్కొట్టి, గింజ తీసి, వేణ్ణీళ్ళలో నానబెట్టి, నురుగు తీసేదాకా చిన్న వీడియో తీశారు. అందులో ‘కొనండి’ అన్న మాటే లేదు. అయినా ఆ వీడియో చూసినవారే యెక్కువమంది కాయలకు రాశారు.

తేనె విషయమూ అంతే. చలికాలంలో తేనె అడుగున పేరుకుంటే, ‘పంచదార కలిపారు’ అని కోపంగా రాస్తారు. తేనెలోని గ్లూకోజు చలికి గడ్డకట్టడం సహజమనీ, సీసాను గోరువెచ్చని నీళ్ళలో వుంచితే కరుగుతుందనీ, పేరుకున్నంత మాత్రాన కల్తీ అనీ పేరుకోనంత మాత్రాన స్వచ్ఛమనీ తేల్చలేమనీ కార్తీకమాసం రాకముందే రాసిపెడితే ఆ తగాదా పుట్టదు. ఏడాది లోపు పసిపిల్లలకు తేనె నాకించరాదన్న వైద్యుల హెచ్చరికను కూడా సీసామీద వేయించాము. అమ్మేవాడే ‘ఈ పిల్లవాడికి వద్దు’ అని చెబితే, తక్కిన మాటలు కూడా నమ్మబుద్ధి అవుతుంది.

పలకరింపుకు వేళాపాళా

2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్‌లో సరుకుల పట్టిక పెట్టుకోవచ్చు. తరచు అడిగే ప్రశ్నలకు జవాబులు దాచుకోవచ్చు. మనం లేనప్పుడు ఒక మాట దానంతట అదే పోయేట్టు చేయవచ్చు. మా వూళ్ళలో సిగ్నలు మర్రిచెట్టు దగ్గర వుంటుంది, యింటి దగ్గర వుండదు! అందుకే ‘ఉదయం 8 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 7 వరకు జవాబిస్తాము’ అని రాసి పెట్టాము. వేళ చెప్పి ఆ వేళకు పలికితే కొనేవారు ఓపిక పడతారు. ఏమీ చెప్పకుండా మౌనం వహిస్తేనే కోపం.

పాత కొనుగోలుదార్లకు ఒకేసారి కబురు పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితా వుంది. ఒక్కొక్క జాబితాలో 256 మందిని చేర్చవచ్చు. మన నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే ఆ కబురు చేరుతుంది. అంటే ఆ తలుపు వారు తెరిస్తేనే మనం లోపలికి పోగలం. తెరిచిన తలుపు గదా అని రోజూ గుడ్‌మార్నింగు పువ్వులు పంపితే మూసేస్తారు. నెలకు ఒకటి రెండుసార్లు, ‘ఇప్పపూవు రాలుతున్నది, కొత్త లడ్లు పదిరోజుల్లో’ అనో, ‘ఈ యేటి తేనె అయిపోయింది’ అనో రాస్తే చాలు. అయిపోయిందని చెప్పడం కూడా మంచి ప్రచారమే. అడవి కార్ఖానా కాదని కొనేవారికి అర్థమవుతుంది.

లెక్కలు చూసుకోవడంలోనూ ఒక మెలకువ వుంది. ఎంతమంది ‘లైకు’ కొట్టారన్నది జాతరలో చప్పట్ల వంటిది. ఎంతమంది కొన్నారు, వారిలో రెండవసారి యెవరు కొన్నారు, మా గురించి యెలా తెలిసింది—ఈ మూడే నోటుపుస్తకంలో రాయాలి. సీసా పగిలిందని ఫిర్యాదు వస్తే వాదనకు దిగక, ఫోటో అడిగి, మరొకటి పంపడమే లాభం. మరొక జాగ్రత్త: డబ్బు పుచ్చుకోవడానికి యూపీఐ రహస్య సంఖ్య కొట్టవలసిన అవసరం ఎప్పుడూ లేదు. ‘ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు వస్తుంది’ అన్నవాడు కొనడానికి రాలేదు, దోచుకోవడానికి వచ్చాడు.

మాటకూ ఒక తూకం

పోయిన వేసవిలో పట్నం నుంచి ఒక ప్రచార నిపుణుడు వచ్చాడు. లడ్లు తిన్నాడు, మెచ్చుకున్నాడు. “దీనిమీద ‘షుగరు వ్యాధి మాయం’ అని వేయండి. ‘ఈరోజే ఆఖరు, రెండే మిగిలాయి’ అని వేయండి. అమ్మకం రెట్టింపు చేయకపోతే నా పేరు మార్చుకుంటాను” అన్నాడు. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెట్టింపు అంటే పిల్లల ఫీజులు, యింటి పైకప్పు రేకులు. తేలిక మాట కాదు. కాస్సేపటికి ఒకామె నెమ్మదిగా అన్నది: “అట్ల రాస్తే ఎట్ల సారూ? మా అత్తకే షుగరున్నది. లడ్డు తింటే తగ్గలే, డాక్టరు తిట్టిండు. బెల్లం పెట్టినం గదా!”

ఆ ఒక్క మాటతో సభ ముగిసింది. మధుమేహం వంటి జబ్బులు కుదురుస్తామంటూ మందులకు ప్రకటనలిచ్చే మాయను అరికట్టడానికి మన దేశంలో 1954లోనే చట్టం వచ్చింది. తినే వస్తువులు జబ్బు నయం చేస్తాయని చాటడాన్ని 2018 నాటి ఆహార భద్రతా నిబంధనలు కట్టడి చేశాయి. లేని తొందర పుట్టించి కొనిపించడాన్ని 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 13 మోసపు పద్ధతులలో చేర్చింది. ఈ చట్టాలేవీ ఆవిడ చదవలేదు. ఆమె అత్తను చూసి చెప్పింది, అంతే.

ఒకనాడు తక్కెడలో మోసపోయిన మనుషులు వీరు. నేడు వీరి తక్కెడ మాట. అందులో రాయి దాచితే మొదట లాభం కనబడుతుంది. కాని అడవి పేరు చెప్పి అమ్మే ప్రతి నిజమైన పొట్లం మీదా అనుమానం పడుతుంది. ఆ నష్టం భరించేది పట్నపు నిపుణుడు కాదు, తెల్లవారుజామున చెట్టు కింద పువ్వు ఏరుకునే మనిషి. కాబట్టి పొట్లం మీద, ‘ఇప్పపూవు, బెల్లం, నువ్వులు. షుగరు వున్నవారు వైద్యుని అడిగి తినండి’ అని వేశాము. అమ్మకం రెట్టింపు కాలేదు. మెల్లగా పెరుగుతున్నది. రెండవసారి రాసేవారు పెరుగుతున్నారు.

కొనే గృహిణులకు కూడా ఒక మనవి. ఫోనులో తినే వస్తువు కొనేముందు నాలుగు చూడండి: అమ్మేవారి పేరూ చిరునామా వున్నాయా, ఆహార భద్రతా సంస్థ యిచ్చిన 14 అంకెల సంఖ్య వున్నదా, బరువు, తయారైన తేదీ వేశారా, ఫిర్యాదు చేస్తే పలికే నంబరు వున్నదా. ఆన్‌లైను అమ్మకాలకు 2020లో వచ్చిన వినియోగదారుల నియమాలు కూడా అమ్మేవారి వివరాలూ, ఫిర్యాదు చేసుకునే దారీ చూపాలనే చెబుతున్నాయి. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. ఈ నాలుగూ వుండి సరుకు నచ్చితే, ఆ సంగతి రెండు వాక్యాల్లో వారికి రాయండి. వేలకు వేలు పోసి వేయించే ప్రకటన కంటె మీ రెండు వాక్యాలకే విలువ యెక్కువ.

నోరు మంచిదైతే వూరు మంచిదవుతుందన్నారు పెద్దలు. అంగడి మాటకొస్తే, ఆ సామెతను మించిన మార్కెటింగు సూత్రం నాకింకా కనబడలేదు.