తెరుచుకోని అటాచ్‌మెంట్

ఈమెయిల్‌లో వచ్చిన ఫైలు తెరుచుకోకపోతే చాలామంది నెట్‌లో వెతికి, కనిపించిన సాఫ్ట్‌వేర్‌నల్లా ఇన్‌స్టాల్ చేసేస్తారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. విండోస్ ఫైలు రకాన్ని లోపలికి చూసి చెప్పదు. పేరు చివర చుక్క తర్వాత ఉండే ఎక్స్‌టెన్షన్‌ని బట్టి, దాన్ని ఏ ప్రోగ్రాంతో తెరవాలో నిర్ణయిస్తుంది. ఆ తోక ఊడిపోయినా లోపలి సరుకు మారదు. పీడీఎఫ్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే, గజిబిజి గుర్తులకు ముందు, మొదటి వరుసలోనే శాతం గుర్తూ దాని పక్కన ‘పీడీఎఫ్’ అక్షరాలూ కనిపిస్తాయి. జిప్ ఫైలు ‘పీకే’తో మొదలవుతుంది. వర్డ్ వాడే డాక్స్ ఫైలూ అంతే, లోపల అది జిప్పే. ‘విన్‌మెయిల్ డాట్ డ్యాట్’ అని వచ్చిందంటే లోపం మీ కంప్యూటర్‌ది కాదు. పంపినవారి అవుట్‌లుక్ ‘రిచ్ టెక్స్ట్’ పద్ధతిలో ఉత్తరాన్నీ జతపరిచినవాటినీ కలిపి కట్టేసింది. వారు హెచ్‌టీఎంఎల్‌కి మార్చి మళ్లీ పంపితే చాలు.

మళ్లీ అడగడం నామోషీ కదా, తోక మార్చి చూస్తే పోలా అనవచ్చు. ఫైలు ఏమిటో ముందే తెలిస్తే మార్చి చూడండి, తప్పులేదు. తెలిసినవారే పంపారు కదా అన్న ధీమా మాత్రం చాలదు. 2000 మే నెలలో ఐలవ్‌యూ వైరస్ పరిచయస్తుల చిరునామాల నుంచే వచ్చింది. పేరులో ‘టీఎక్స్‌టీ’ అని కనిపించడంతో మామూలు ఉత్తరమే అనుకుని ఎందరో తెరిచారు. చివరనున్న ‘వీబీఎస్’ని విండోస్ దాచేసింది. ఇప్పటికీ విండోస్ మామూలుగా ఈ తోకల్ని చూపించదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘వ్యూ’ మెనూకి వెళ్లి ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’కి ఈరోజే టిక్ పెట్టండి. అనుమానం వస్తే పంపినవారికి ఫోన్ చేసి, పీడీఎఫ్‌గా పంపమని అడగండి.