తొలిసారి కొండల్లో సైకిల్ పందెమా? ఊపిరి జాగ్రత్త!

అమెరికాలోని కొలరాడోలో లెడ్‌విల్ అనే ఊరు సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ 1994లో 100 మైళ్ల కొండ సైకిల్ పందెం మొదలైంది. రాళ్ల దారిలో సుమారు 3,800 మీటర్ల దాకా ఎక్కి దిగాలి. 12 గంటల్లో ముగించినవారికి బెల్టు బకిల్ బహుమతి.

తొలిసారి వెళ్లేవారికి కాళ్ల నొప్పి కన్నా పలుచని గాలే పెద్ద పరీక్ష. అక్కడ ప్రతి శ్వాసలో అందే ప్రాణవాయువు సముద్రతీరంలో కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. కనుక కొన్ని రోజుల ముందే చేరుకుని శరీరాన్ని అలవాటు చేసుకోవాలి. పక్కవారిని చూసి మొదట్లోనే వేగం పెంచకండి. ఆకలి వేయకముందే కొద్దికొద్దిగా తినండి, దాహాన్ని బట్టి నీరు తాగండి.

తలనొప్పి, వాంతులు వస్తే ఇంకా పైకి ఎక్కవద్దు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, అడుగులు తడబడినా వెంటనే కిందికి దిగి వైద్యుని చూడాలి. గుండె జబ్బు, ఆస్తమా, రక్తహీనత ఉన్నవారు పేరు నమోదు చేసుకునే ముందే డాక్టరు సలహా తీసుకోండి.