వాట్సాప్‌లో ఒక్క టిక్: పిల్లలు మాట్లాడటం మానేసిన క్రైస్తవ తల్లిదండ్రుల కోసం

ఈరోజు టాపిక్ కొంచెం బరువైనది, కానీ చివరిదాకా ఉండండి.

మా చర్చిలో ఒక అంకుల్ ఉన్నారు. ఆయన పర్మిషన్ తీసుకునే చెబుతున్నా. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరైనా "మీ అబ్బాయి ఎలా ఉన్నాడు?" అని అడిగితే, "బిజీగా ఉన్నాడండీ" అంటారు. నిజానికి ఆ అబ్బాయి ఈయనతో మాట్లాడి నాలుగేళ్లు దాటింది. పెళ్లి దగ్గర గొడవ. అమ్మాయి కూడా క్రైస్తవురాలే, కాకపోతే కులం వేరు. ప్రభువు బల్ల దగ్గర అందరం ఒక్కటే అంటాం, పెళ్లి సంబంధం దగ్గర మాత్రం ఒక్కటి కాలేకపోయారు.

మొన్న అంకుల్ నన్ను పక్కకి పిలిచి, "బాబూ, నీకు ఫోన్ల సంగతి తెలుసు కదా, వాడికి మెసేజ్ పెడితే ఎప్పుడూ ఒక్క టిక్కే వస్తోంది, ఎందుకంటావ్?" అన్నారు. బ్లాక్ చేసి ఉంటాడని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇది ఆయన ఒక్కరి కథ కాదు. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కార్ల్ పిల్లెమర్ 1,340 మందితో ఒక సర్వే చేసి, 2020లో పుస్తకం రాశారు. అందులో 27 శాతం మంది తమ బంధువుల్లో ఎవరో ఒకరితో సంబంధం తెగిపోయిందని చెప్పారు. అంటే నలుగురిలో ఒకరికి పైనే. అయినా బయటికి ఎవరూ చెప్పుకోరు.

క్రైస్తవ తల్లిదండ్రులకి దీని మీద ఇంకో బరువు ఉంటుంది. పిల్లల్ని చిన్నప్పుడే మంచి దారిలో పెడితే పెద్దయ్యాక తప్పిపోరని సామెతల గ్రంథం చెబుతుంది కదా, మరి మావాడు వెళ్లిపోయాడంటే మా పెంపకమే తప్పా అని కుమిలిపోతారు. ఒక మాట గుర్తుపెట్టుకోండి. సామెత అంటే జీవితంలో సాధారణంగా జరిగేది చెప్పే జ్ఞానం, అది గ్యారంటీ కార్డు కాదు.

రెండోది, "తప్పిపోయిన కుమారుడు" అనే పేరు. లూకా 15వ అధ్యాయం ఉపమానంలో ఆ తండ్రి ఏ తప్పూ చేయలేదు. అందుకే దూరమైన ప్రతి కొడుక్కీ ఆ పేరు పెట్టేయడం మనకి తేలిక. కానీ మన ఇళ్లకి దగ్గరగా ఉండే కథ 2 సమూయేలులో ఉంది: దావీదు, అబ్షాలోము.

అది ఎక్కడ మొదలైందో చూడండి. అబ్షాలోము చెల్లెలు తామారుకి అన్యాయం జరిగింది, చేసింది సవతి అన్న అమ్నోను. దావీదుకి కోపం వచ్చింది కానీ ఏమీ చేయలేదు. రెండేళ్ల తర్వాత అబ్షాలోము అమ్నోనుని చంపించి గెషూరుకి పారిపోయాడు. అక్కడ మూడేళ్లు. యోవాబు వెనక్కి తీసుకొచ్చాక కూడా, అదే యెరూషలేములో రెండేళ్లు తండ్రి ముఖం చూడలేదు. చివరికి తిరుగుబాటు చేశాడు, యుద్ధంలో చనిపోయాడు. అప్పుడు దావీదు గుండె పగిలేలా ఏడ్చాడు. ఆ ప్రేమ నిజమైనదే. కానీ అది వినాల్సినవాడు అప్పటికి లేడు.

అబ్షాలోము చేసింది కరెక్ట్ అని నేను అనట్లేదు. తెగిపోయిన చాలా బంధాల కింద ఎవరూ వినని ఒక గాయం ఉంటుంది అంటున్నా.

మరి ఏం చేయొచ్చు?

ఒకటి, వెంటపడకండి. రోజుకి పది మెసేజ్‌లు, కొత్త నంబర్ నుంచి కాల్స్, ఆఫీసుకి వెళ్లడం వద్దు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, రెస్పాన్స్ రాలేదని రిక్వెస్ట్ కొడుతూనే ఉంటే సర్వర్ మనల్నే బ్లాక్ చేస్తుంది.

రెండు, ఒక్క ఉత్తరం రాయండి, చిన్నది. మీ తప్పు మీకు తెలిసినంతవరకు సూటిగా ఒప్పుకోండి. "నేను తప్పు చేసుంటే క్షమించు" అనొద్దు, అందులో ఒప్పుకోలు లేదు. "నీ పెళ్లికి రాకపోవడం నా తప్పు" అనండి. "కానీ" అనే మాట రాయకండి, వాక్యాలు కోట్ చేయకండి. తల్లిదండ్రుల్ని గౌరవించమన్న ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయమే, వెంటనే తండ్రులకీ చెప్పింది, పిల్లలకి కోపం పుట్టించొద్దని.

మూడు, జరిగిందాంట్లో ఎవరి వెర్షన్ కరెక్టో తేల్చాలని పట్టుబట్టకండి. మళ్లీ కలిసినవాళ్లలో చాలామంది ఆ పట్టుదల వదిలేశాకే కలిశారని పిల్లెమర్ గమనించారు.

నాలుగు, ప్రార్థన అంశం పేరుతో ఇంటి గొడవ చర్చి గ్రూపులో పెట్టకండి. అది తిరిగి తిరిగి పిల్లల దాకా వెళ్తుంది. నమ్మకమైన ఒకరిద్దరికి చెప్పుకోండి చాలు.

ఇంకోటి. తల్లిదండ్రుల పోషణకి మన దేశంలో 2007 చట్టం ఉంది. తిండికీ మందులకీ ఇబ్బందైతే వాడుకోండి, అది మీ హక్కు. కాకపోతే చట్టం డబ్బు ఇప్పించగలదు, "నాన్నా" అని పిలిపించలేదు.

ఇప్పుడు ఫోన్‌లో ఇది చూస్తున్న మీతో ఒక మాట. ఇంట్లో కొట్టడం, హింసించడం జరిగి మీరు దూరంగా ఉంటే, ఆ దూరం మీకు అవసరం. క్షమించడం వేరు, మళ్లీ అదే ఇంట్లోకి వెళ్లడం వేరు. అలాంటిదేమీ లేకుండా, కోపం చల్లారినా ఈగో వల్ల ఆగిపోయారా? అయితే ఒక్క "ఎలా ఉన్నారు" చాలు. మిగతాది తర్వాత చూసుకోవచ్చు.

పోయిన వారం అంకుల్‌కి ఆ ఒక్క టిక్ గురించి నిజం చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అయితే కాగితం మీద రాస్తాను" అన్నారు. నాలుగు సార్లు రాసి చించేశారు. ప్రతిసారీ "కానీ" వచ్చేస్తోందట. ఐదోది పోస్ట్ చేశారు.

జవాబు ఇంకా రాలేదు. కానీ ఈ ఆదివారం ఎవరో అబ్బాయి గురించి అడిగితే, ఆయన "బిజీ" అనలేదు. "మా మధ్య మాటల్లేవండీ, ప్రార్థన చేయండి" అన్నారు.

మీరు కూడా చేయండి.